హెల్త్ పాలసీపై జీఎస్టీ పోయింది.. మరి 80డీ లాభం ఎవరికి? భద్రాచలం ఏజెన్సీలో ఇంటి ఖర్చు లెక్క ఇదీ

ఖమ్మం, భద్రాచలం: మార్చి దగ్గరపడుతోందంటే జీతగాళ్ల ఇళ్లలో కాగితాల వేట మొదలవుతుంది. ఎల్ఐసీ రసీదు ఎక్కడ పెట్టాం, హోమ్ లోన్ సర్టిఫికెట్ బ్యాంకు నుంచి తెచ్చామా, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టిన పేపర్ ఫోన్‌లో ఉందా... ఇదే గోల. సారపాక పేపర్ మిల్లు, పాల్వంచ కేటీపీఎస్, మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి గనులు, ఏజెన్సీ మండలాల్లోని స్కూళ్లు... ఎక్కడ పనిచేసేవాళ్లకైనా ఈ సీజన్ తెలిసిందే.

అయితే ఈసారి ఒక ప్రశ్న గట్టిగా వినిపిస్తోంది. కొత్త ట్యాక్స్ పద్ధతిలో 80డీ లేదు కదా, మరి పాలసీ కట్టడం ఎందుకు? ఆపేస్తే ఏడాదికి ఇరవై వేలు మిగులుతాయి కదా?

ప్రశ్న చిన్నగానే ఉంది. కానీ తొందరపడి జవాబు చెప్పుకుంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాల్సి రావచ్చు. అదెలాగో చూసే ముందు అసలు లెక్కలోకి వెళ్దాం.

80డీ అంటే ఏంటి?

ఆదాయపు పన్ను చట్టంలో హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియానికి ఇచ్చే మినహాయింపే సెక్షన్ 80డీ. తనకు, భార్య లేదా భర్తకు, తన మీద ఆధారపడిన పిల్లలకు కట్టిన ప్రీమియంపై ఏడాదికి 25 వేల వరకు. తల్లిదండ్రులకు కడితే విడిగా మరో 25 వేలు. వాళ్ల వయసు 60 దాటితే ఆ మొత్తం 50 వేలు. ముందస్తు హెల్త్ చెకప్‌లకు పెట్టిన ఖర్చు 5 వేల వరకు ఈ పరిమితిలోనే కలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 25 వేల మినహాయింపు అంటే 25 వేలు చేతికి వస్తాయని కాదు. పన్ను లెక్కించే ఆదాయం నుంచి 25 వేలు తగ్గుతుందంతే. 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 4 శాతం సెస్‌తో కలిపి మిగిలేది 5,200 రూపాయలు. 30 శాతం స్లాబు అయితే 7,800. అసలు పన్నే పడని వాళ్లకు మిగిలేది సున్నా.

అంటే సంపాదన ఎక్కువున్న ఇంటికి సర్కారు సాయం ఎక్కువ, తక్కువున్న ఇంటికి తక్కువ, పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి ఏమీ లేదు. ప్రీమియం మాత్రం అందరికీ ఒకటే. ఈ తిరకాసు 80డీ పుట్టుకలోనే ఉంది.

కొత్త పద్ధతి వచ్చాక ఏమైంది?

2023-24 నుంచి కొత్త పన్ను పద్ధతే డిఫాల్ట్. పాతది కావాలంటే అడిగి తీసుకోవాలి. కొత్తదాంట్లో 80డీ లేదు. 2024 జూలై 31 నాటికి దేశంలో 7.28 కోట్ల రిటర్నులు దాఖలైతే, అందులో 5.27 కోట్లు కొత్త పద్ధతిలోనే. అంటే 72 శాతం. ఇక 2025 బడ్జెట్‌లో కొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేశారు. జీతం తీసుకునేవాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల వరకు సున్నా.

చర్లలోనో దుమ్ముగూడెంలోనో పనిచేసే ఓ టీచర్‌ను ఊహించుకుందాం. ఏడాది జీతం 9 లక్షలు. కొత్త పద్ధతిలో పన్ను సున్నా. అదే పాత పద్ధతి ఎంచుకుని 80సీ కింద లక్షన్నర, 80డీ కింద 25 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు పూర్తిగా వాడుకున్నా పన్ను లెక్కించే ఆదాయం 6.75 లక్షలు. సెస్‌తో కలిపి 49,400 కట్టాలి. ఎవరు కడతారు?

జీతం 14 లక్షలున్న ఓ సీనియర్ ఉద్యోగి సంగతి? కొత్త పద్ధతిలో సెస్‌తో 81,900. పాత పద్ధతిలో 80సీ లక్షన్నర, తన కుటుంబానికి 25 వేలు, 60 దాటిన తల్లిదండ్రులకు 50 వేలు, పైగా హోమ్ లోన్ వడ్డీ 2 లక్షలు చూపించినా 1,01,400. హెచ్ఆర్ఏ మినహాయింపు కూడా గట్టిగా కలిసొస్తే తప్ప పాతది గిట్టుబాటు కాదు. భద్రాచలం, ఇల్లెందు అద్దెలతో అంత హెచ్ఆర్ఏ చూపించడం కష్టమే.

కాబట్టి సూటిగా చెప్పాలంటే, ఈ ప్రాంతంలో ఎక్కువ మంది ఉద్యోగులకు 80డీ కాగితం మీద మిగిలిన సెక్షనే. ఇంకా వాడుకునేవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లవి పెద్ద జీతాలు, పెద్ద లోన్లు.

గిరిజన ఉద్యోగుల నుంచి మరో సందేహం వస్తుంటుంది. ఎస్టీలకు ఆదాయపు పన్నే లేదట కదా అని. అది సెక్షన్ 10(26). ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్ణీత ప్రాంతాల్లో, లద్దాఖ్‌లో ఉండే ఎస్టీలకు, అక్కడ వచ్చే ఆదాయానికి వర్తిస్తుంది. భద్రాచలం ఏజెన్సీ ఐదో షెడ్యూల్ ప్రాంతం. ఇక్కడి కోయ, కొండరెడ్డి, లంబాడా ఉద్యోగులకు ఆ మినహాయింపు లేదు. అందరిలాగే స్లాబుల లెక్కే.

రైతుకు దక్కింది జీఎస్టీ ఒక్కటే

ఇప్పుడు ఖమ్మం మిర్చి యార్డు వైపు చూద్దాం. సీజన్‌లో ఎర్రగా నిండిపోయే ఆ యార్డుకు బస్తాలు తెచ్చే రైతుకు వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. మంచిదే. కానీ పన్ను లేదు కాబట్టి 80డీ కూడా లేదు. ఆయన సొంతంగా ఫ్యామిలీ పాలసీ తీసుకుంటే మొన్నటిదాకా 18 శాతం జీఎస్టీ మాత్రం తప్పేది కాదు. కిరాణా కొట్టు యజమాని, ఆటో నడిపేవాళ్లు, టైలర్... అందరిదీ ఇదే కథ. సాయం రాదు, పన్ను మాత్రం పడుతుంది.

ఇది మారింది 2025 సెప్టెంబర్‌లో. 3వ తేదీన జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో వ్యక్తిగత హెల్త్ పాలసీలను, ఫ్యామిలీ ఫ్లోటర్లను, సీనియర్ సిటిజన్ పాలసీలను జీఎస్టీ నుంచి పూర్తిగా మినహాయించారు. 22వ తేదీ నుంచి అమల్లోకి వచ్చింది.

లెక్క సులువు. మూల ప్రీమియం 20 వేలు అనుకుంటే అంతకుముందు 23,600 కట్టాలి. ఇప్పుడు 20 వేలు. మిగిలింది 3,600. ఇందుకు ఫారం నింపక్కర్లేదు, రిటర్న్ వేయక్కర్లేదు, ఆడిటర్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. మిర్చి రైతుకూ, మిల్లు ఆఫీసర్‌కూ ఒకే లాభం.

నిజానికి ఒకే లాభం కూడా కాదు. ఇక్కడ చిన్న మెలిక ఉంది. పాత పద్ధతిలో 80డీ వాడుకునేవాళ్లు జీఎస్టీతో కలిపిన ప్రీమియం మొత్తాన్ని చూపించుకునేవాళ్లు. 20 శాతం స్లాబులో 23,600కి సుమారు 4,909 తగ్గేది. చివరికి జేబు నుంచి పోయింది 18,691. ఇప్పుడు 20 వేలకు తగ్గేది 4,160, కాబట్టి పోయేది 15,840. అంటే ఈ ఉద్యోగికి అసలు లాభం 2,851. రైతుకు మాత్రం పూర్తిగా 3,600. పన్ను సంస్కరణల్లో కింద ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ దక్కడం అరుదు. ఇది అలాంటిదే.

రెండు హెచ్చరికలు మాత్రం ఉన్నాయి. మినహాయింపు వ్యక్తిగత పాలసీలకే. కంపెనీ ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీలపై 18 శాతం కొనసాగుతోంది. బ్యాంకు ఖాతా ఉందని అంటగట్టే పాలసీల్లో చాలావరకు గ్రూప్ పాలసీలే. మీ దగ్గరున్నది ఏదో తెలియాలంటే సర్టిఫికెట్ పైన ‘గ్రూప్’ అన్న మాట, ‘మాస్టర్ పాలసీ’ అన్న మాట ఉన్నాయేమో చూడాలి.

రెండోది, క్రెడిట్ సంగతి. ఇన్సూరెన్స్ కంపెనీలు తమ ఆఫీసు అద్దె మీదా, ఏజెంట్ల కమీషన్ మీదా, సాఫ్ట్‌వేర్ మీదా కట్టే జీఎస్టీని గతంలో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునేవి. పాలసీ మీద పన్నే లేనప్పుడు ఆ క్రెడిట్ కూడా రాదు. ఆ భారాన్ని కంపెనీలు ఎవరి మీద వేస్తాయి? కొంత తామే మోయొచ్చు, కొంత ఏజెంట్ కమీషన్‌లో కోసుకోవచ్చు, కొంత మూల ప్రీమియంలో కలిపేయొచ్చు. అందుకే రెన్యువల్ నోటీస్ వచ్చినప్పుడు చివరి మొత్తం చూసి సంతోషపడటం కాదు, జీఎస్టీ లేకుండా పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అని పక్కపక్కన పెట్టి చూడాలి. 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలన్న నిబంధన 2025 జనవరి నుంచి ఉంది. మిగతా వయసులవాళ్లకు అలాంటి గోడ లేదు.

మందుల బిల్లులోనూ మార్పు

ఆస్పత్రిలో చేరితే వచ్చే బిల్లు ఒకెత్తు. ప్రతి నెలా మెడికల్ షాపులో కట్టేది ఇంకొకెత్తు. బీపీ, షుగర్ మందులకు మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు పైసా ఇవ్వవు. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతంలో ఉన్న మందులు 5 శాతానికి వచ్చాయి. 33 ప్రాణరక్షక మందులపై సున్నా చేశారు. పన్నుతో కలిపి నెలకు 1,120 రూపాయల మందులు కొనే ఇంటికి, మూల ధర మారకపోతే, బిల్లు 1,050కి రావాలి. నెలకు 70, ఏడాదికి 840. పెద్ద మొత్తమేం కాదు, కానీ పాలసీ లేని ఇంటికి కూడా అందేది ఇదొక్కటే.

దేశం మొత్తం మీద 2021-22లో ఆరోగ్యంపై పెట్టిన ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టినదే. 2013-14లో ఇది 64.2 శాతం. తగ్గింది నిజమే. అయినా పది రూపాయల్లో నాలుగు రూపాయలు ఇంటివాళ్లవే.

ఇక అడవి అంచున...

ఇక్కడిదాకా చెప్పిన పన్ను లెక్కలు ఏవీ తాకని ఇళ్లు గోదావరి గట్టు దాటితే ఎన్నో కనిపిస్తాయి. పోడు సాగు, వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, మిర్చి కోతల కూలి. వీళ్లకు ఇన్సూరెన్స్ అంటే ఆరోగ్యశ్రీయే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం కింద తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు చికిత్స. ప్రీమియం లేదు, కనుక పన్ను మినహాయింపు ప్రశ్నే లేదు. అదే రోజు మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు కూడా ఆస్పత్రి ఖర్చులో భాగమేనని చెప్పాలి. భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ మూడొందలు దాటుతుంది. పేషెంట్‌తో వెళ్లే తల్లికో చెల్లికో ఆ చార్జీ మిగలడం చిన్న విషయం కాదు.

కానీ కార్డు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. బకాయిల గొడవతో 2025 సెప్టెంబర్‌లో తెలంగాణలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు కొన్ని రోజులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. చర్చల తర్వాత మళ్లీ మొదలయ్యాయి. అలాంటి రోజుల్లో ఆపరేషన్ తేదీ ఉన్న ఇంటికి రెండే దారులు. ఆగడం, లేదా వడ్డీకి తేవడం.

సరిహద్దు మెలిక ఇంకోటి. 2014 విభజన తర్వాత చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు ఏపీలోకి వెళ్లాయి. ఎటపాక భద్రాచలం పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. రోడ్డు మీద నడుస్తుంటే రాష్ట్రం ఎక్కడ మారిందో కొత్తవాళ్లకు తెలియదు. కానీ కార్డు మారుతుంది. ఇటు ఆరోగ్యశ్రీ, అటు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. జ్వరం వస్తే ఇద్దరూ భద్రాచలం ఏరియా ఆస్పత్రికే వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి కూడా అక్కడికే. సర్కారు ఆస్పత్రిలో సాధారణ వైద్యానికి కార్డు అడ్డం కాదు. పెద్ద ఆపరేషన్‌కు ప్రైవేటుకు రాసినప్పుడే ఏ రాష్ట్రం కార్డు, ఏ ఆస్పత్రి ఏ జాబితాలో ఉంది అన్న తిప్పలు మొదలవుతాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇటువైపు అడవుల్లో గుంపులుగా స్థిరపడ్డ గొత్తికోయలకు చాలాచోట్ల ఆ కార్డు కూడా దొరకదు. ఇక్కడ వాళ్లను ఎస్టీలుగా గుర్తించరు కూడా.

కార్డు లేకపోతే ఎంత తేడా ఉంటుందో జాతీయ శాంపుల్ సర్వే 75వ విడత చెప్పింది. 2017-18లో దేశవ్యాప్తంగా ఒకసారి ఆస్పత్రిలో చేరితే, కాన్పులు కాకుండా, సగటు ఖర్చు సర్కారు ఆస్పత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఆ సర్వే నాటికి గ్రామాల్లో ఏదో ఒక ఆరోగ్య రక్షణ ఉన్నవాళ్లు 14 శాతమే. అప్పటినుంచి ఆస్పత్రి రేట్లు ఎటు వెళ్లాయో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అమెరికాలో మనవాళ్ల గొడవ ఇదే

ట్యాక్స్ క్రెడిట్ అన్న మాట ఈమధ్య ఎక్కువగా వినిపించింది అమెరికా వార్తల్లో. అక్కడ ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ రానివాళ్లు, అంటే సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు, చిన్న షాపులు నడిపేవాళ్లు ఒబామాకేర్ మార్కెట్‌లో పాలసీ కొంటారు. వాళ్లలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి ప్రభుత్వం ఇచ్చే ప్రీమియం ట్యాక్స్ క్రెడిట్ నెలనెలా నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీకే వెళ్తుంది. ఆదాయం తగ్గితే క్రెడిట్ పెరుగుతుంది. మన 80డీకి సరిగ్గా తలకిందులు.

2021లో పెంచిన ఆ క్రెడిట్ గడువు 2025 డిసెంబర్ 31తో తీరింది. దీని పొడిగింపు మీద గొడవతోనే అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. పెంపు పోతే క్రెడిట్ తీసుకునేవాళ్లు కట్టే సగటు ప్రీమియం ఏడాదికి 888 డాలర్ల నుంచి 1,904 డాలర్లకు చేరుతుందని కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన సంస్థ అంచనా వేసింది. పేదరిక రేఖకు నాలుగు రెట్లు దాటిన ఆదాయం, అంటే నలుగురి ఇంటికి దాదాపు 1,28,600 డాలర్లు దాటితే, అసలు క్రెడిటే ఉండదు.

అక్కడి పద్ధతి గొప్పదని కాదు. ఒక్క సంతకం తప్పితే బిల్లు రెట్టింపయ్యే పద్ధతి అది. కానీ సాయం ప్రీమియం కట్టే రోజే అందాలి, పన్ను కట్టని ఇంటికీ అందాలి అన్న ఆలోచన మాత్రం మన 80డీలో ఎప్పుడూ లేదు. ఖమ్మం జిల్లాలో ఓ టైలర్‌కు రేషన్ కార్డు లేదనుకోండి. ఆదాయం పన్ను పరిధికి రాదు. ఆరోగ్యశ్రీకీ 80డీకీ మధ్య సందులో ఇరుక్కున్న అలాంటి ఇళ్లకు ఇప్పటిదాకా దొరికిన ఊరట ఆ 18 శాతం పోవడం ఒక్కటే.

పాలసీ ఆపేస్తే ఏమవుతుంది?

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. పన్ను లాభం లేదు కాబట్టి పాలసీ మానేద్దాం అనుకునేవాళ్లు ముందు చూడాల్సింది వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకునేనాటికే ఉన్న షుగర్, బీపీ, గుండె జబ్బు లాంటి వాటికి కంపెనీలు గరిష్ఠంగా 36 నెలల దాకా కవర్ ఇవ్వకపోవచ్చు. రెండున్నరేళ్లు కట్టినవాళ్లు ఇప్పుడు ఆపేస్తే ఆ రెండున్నరేళ్లు పోయినట్టే. రేపు మళ్లీ తీసుకుంటే ఒకటో నెల నుంచి మొదలు. అప్పటికి వయసు పెరిగి ఉంటుంది, ప్రీమియం కూడా. ఈలోపు కొత్త జబ్బు బయటపడితే కంపెనీ పాలసీ ఇవ్వనని కూడా అనొచ్చు.

ఏడాది ప్రీమియం కట్టేవాళ్లకు గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుంది. నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులే. ప్రీమియం భారమైతే మానేసే బదులు డిడక్టబుల్ పెంచుకోవచ్చు, గది అద్దె పరిమితి ఉన్న ప్లాన్‌కు మారొచ్చు, వేరే కంపెనీకి పోర్ట్ కావచ్చు. పోర్ట్ చేస్తే గడిచిన వెయిటింగ్ కాలం వెంట వస్తుంది. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు అడగడం మంచిది.

పాత పద్ధతిలోనే ఉన్న కొద్దిమందికి రెండు మాటలు. ప్రీమియం ఏజెంట్ చేతికి నగదుగా ఇస్తే 80డీ వర్తించదు. యూపీఐ, చెక్కు, కార్డు ద్వారానే కట్టాలి. ఏజెన్సీలో నగదు ఇచ్చేసి రసీదు తర్వాత అనుకునే అలవాటు ఇంకా ఉంది కాబట్టి చెప్పాల్సి వస్తోంది. ఇంకోటి, ఊళ్లో ఉన్న 60 దాటిన అమ్మానాన్నలకు ఏ పాలసీ లేకపోతే, వాళ్ల వైద్యానికి పెట్టిన ఖర్చునే 50 వేల వరకు చూపించుకోవచ్చు. ఆ బిల్లులు కూడా నగదులో కట్టి ఉండకూడదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది. అప్పటినుంచి సెక్షన్ నంబర్లు మారతాయి. ఈ ఆర్థిక సంవత్సరానికి సంబంధించిన ప్రీమియం మాత్రం మార్చి 31లోపు ఖాతా నుంచి వెళ్లి ఉండాలి. ఆఫీసులో ఇచ్చే డిక్లరేషన్‌లో పాత పద్ధతి అని టిక్ పెట్టే ముందు రెండు పద్ధతుల లెక్కా ఒకసారి వేసి చూసుకోండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో క్యాలిక్యులేటర్ ఉచితమే. జీతం మీదే బతికే ఉద్యోగులైతే రిటర్న్ వేసేటప్పుడు పద్ధతి మార్చుకోవచ్చు కూడా, గడువు లోపు వేస్తేనే.